నీలము పోయె, నలుపు వచ్చె

ముప్పదియేండ్లకు పైబడి విండోసు కూలినప్పుడెల్ల ప్రత్యక్షమై గృహస్థుల గుండెలు ఝల్లుమనిపించిన నీలితెరకు మైక్రోసాఫ్టువారు విశ్రాంతి నొసంగి, దాని పీఠమున నల్లతెరను ప్రతిష్ఠించిరని విన్నది మొదలు, కంప్యూటరు నెరిగిన మిత్రులందరును ఒక యుగము గతించినట్లు నిట్టూర్చుచున్నారు. నాకు మాత్రము నిట్టూర్పు రాలేదు. మా యింట బల్లక్రింద నున్న యంత్రము మధ్యాహ్నము రెండు దాటినదో లేదో దబ్బున కూలి, తనంత తానే లేచి, మరల కూలుచుండగా, ఆ కూలుట యే వర్ణమున జరుగుచున్నదో విచారించునంతటి రసజ్ఞత నాకు కలుగలేదు.

అయినను పెద్దలు చేసిన పనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆ తెర సామాన్యమైనది గాదు. 1998 ఏప్రిల్‌లో, చికాగో నగరమున, విండోస్ 98 ప్రతాపమును లోకమునకు జూపుచు బిల్ గేట్స్ వేదికపై నిలిచియుండగా, ఆయన సహాయకుడు స్కానరు తగిలించిన మరుక్షణమే నిండుసభలో ప్రత్యక్షమై, తనకు యజమానియనియు సామాన్యుడనియు భేదము లేదని చాటుకొన్న సమదర్శిని యది. 2012లో విండోస్ 8 వెలువడినప్పుడు దానిపై నొక విచారవదనమును లిఖించిరి. రాత్రియెల్ల మేల్కొని కూర్చిన లెక్కలను మ్రింగి, అటుపిమ్మట మూతి వంకరగా బెట్టి మనవంక జూచు ఆ ముఖమును గాంచి, ఎవరి నెవరు ఓదార్చవలెనో తెలియక తికమకపడిన గృహస్థులెందరో! 2016లో ఆ ముఖముక్రింద క్యూఆర్ కోడు వచ్చి చేరినది. ఫోనుతో దానిని స్కాను చేసిన భక్తునికి దక్కిన ప్రసాదమేమనగా, కొత్తగా తగిలించిన పరికరములున్న తీసివేయుడు, అప్‌డేట్లు చేసికొనుడు, డిస్కులో చోటున్నదేమో చూచుకొనుడు ఇత్యాది హితోక్తులు. ఏ యంత్రమునకైనను, ఏ దోషమునకైనను అదియే పాఠము.

పిమ్మట 2025లో ముఖము చెరిపిరి; కోడు తొలగించిరి; నీలము తుడిచి నలుపు పూసిరి. వెనుకటి దినములలో చావుకబురు మోసికొనివచ్చు కార్డునకు నల్లయంచు వేయుట మర్యాదగా నుండెడిది. ఇంతకాలమునకు కంప్యూటరువారికిని ఆ మర్యాద తెలిసినందులకు సంతోషమే. అయితే ఆ కార్డును చదువుకొనుటకు మనకు వ్యవధి యుండెడిది. ఈ నల్లతెర చాలమందికి సుమారు రెండు సెకన్లకంటె ఎక్కువ నిలువదని సంస్థవారే ప్రకటించి, దానిని ఘనతగా చెప్పుకొనుచున్నారు. రెండు సెకన్లు! నావంటివారికి కండ్లజోడు ముక్కుపైకి దించుకొనుటకే అది చాలదు. తెరయడుగున దోషమును దెలుపు స్టాప్‌కోడును, అపరాధియైన డ్రైవరు పేరును మునుపటికంటె స్పష్టముగా ముద్రించిరని కొందరు మెచ్చుకొనుచున్నారు. ముద్రించిన మాట నిజమే. కాని చదువునంతలోనే మాయమగు అక్షరములు ఎంత స్పష్టముగా నుండిననేమి? ఇంటిల్లిపాదియు తెరయెదుట కాపుగాసి, తాతగారు మొదటి మాటయు, కోడలు నడిమి మాటయు, మనుమడు చివరి మాటయు పట్టుకొని, పిదప అందరును వంటింట సమావేశమై వాక్యమును పూరించుకొనవలెనా? లేక ఎప్పుడు కూలునో తెలియని యంత్రమునకెదురుగా అహోరాత్రములు వీడియో తీయుచు కూర్చుండవలెనా? నలుపుపైన తెలుపు చదువుటకు కండ్లకు హాయి యని వాదించువారు, ఆ చదువుట యెప్పుడు జరుగునో కూడ సెలవిచ్చిన బాగుండును.

ఈ రంగుమార్పునకు వెనుక నొక యుత్పాతము కలదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ పంపిన యొక దోషపూరితమైన అప్‌డేటు మూలమున 85 లక్షల యంత్రములు నీలితెరలో మునిగినవి. దేశదేశముల విమానాశ్రయములు తల్లడిల్లినవి. మన శంషాబాదున సయితము ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగ్ పాసులిచ్చిరి. దానికి విరుగుడేమి? యంత్రమును సేఫ్‌మోడులో లేపి, ఒక్క ఫైలును తొలగించుట. కారణము తెలిసినది గనుక మందు అంత చిన్నది. ఆ యుత్పాతము పిమ్మట తలపెట్టిన సంస్కరణములలో లోలోపలి మార్పులును కొన్ని కలవు. వానిని నిపుణులు చూచుకొందురు. గృహస్థుని కంటికి కనబడిన ఫలము రంగు.

ఇక కూలిన యంత్రమునకు మందు చెప్పువారి సంగతి. రీస్టార్టు చేసి చూచితిరా యని అడుగు ఫోనుకన్యలను గూర్చి నేనేమియు ననను. అడిగినంతనే పది యుపాయములను వరుసగా వల్లించు కృత్రిమమేధను గూర్చియు ననను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఊతము నిలిపివేసిరి గావున, ఏ రోగమునకైనను కొత్తది కొనుడను వారినిగూడ క్షమింపగలను. నాకు మంట ఫార్మాట్ అను మాటమీద.

"ఫార్మాట్ కొడితే సెట్టయిపోతుంది సార్!" యంత్రము మూత విప్పకమునుపే, ఎప్పుడు కూలుచున్నదని యైనను అడుగకమునుపే, వచ్చినవాడు గుమ్మమున చెప్పులు విడుచుచు పలుకు మంత్రమిది. కొట్టును. బిడ్డ బారసాలనాటి ఫొటోలు పోవును, గతించిన తండ్రిగారి కంఠస్వరము పోవును, పదేండ్ల లెక్కలు పోవును. వాడు రుసుము పుచ్చుకొని పోవును. మరునాటి మధ్యాహ్నము యంత్రము యథాప్రకారముగా కూలును. ఏల కూలదు? దోషము ర్యాములో నున్నప్పుడు డిస్కును తుడిచిన ప్రయోజనమేమి? ఇది మరమ్మతు గాదు, సోమరితనము. దానికి సొమ్ము పుచ్చుకొనుట మోసము. పైగా, "మీరేదో డౌన్‌లోడ్ చేసి యుంటారు" అని ఇంటివారి మీదికే నింద!

మధ్యాహ్నపుటెండలోనే కూలు యంత్రమును జూచి మొట్టమొదట వేడిని శంకింపవలదా? ఫ్యాను రెక్కలకు దట్టముగా పట్టిన దుమ్ము, ప్రాసెసరుపై ఎండి పెళుసుబారిన థర్మల్ పేస్టు, ఓల్టేజి హెచ్చుతగ్గులకు డస్సిపోయి, యంత్రమునకు కరెంటు నందించు ఎస్‌ఎంపీఎస్, వీనిని చూచుటకు పాండిత్యమక్కరలేదు; ఒక స్క్రూడ్రైవరు చాలును. ర్యాము రెండు ముక్కలున్నచో ఒకదానిని తీసి, రెండవదానితో నడిపి, పిమ్మట మార్చి చూచినయెడల దొంగ దొరకును. పాతకాలపు మెకానిక్కు ర్యామును ఊడదీసి, దాని బంగారుపూత యంచును పిల్లల రబ్బరుతో రుద్ది మరల గ్రుచ్చెడివాడు. నవ్వెడివారము గాని, అంచునకు పట్టిన మకిలి వదలి యంత్రము నిజముగానే నడచెడిది. ఇక విండోసు మూగది గాదు. తాను పడిన ప్రతిసారియు వీలైనంతవరకు మినీడంప్ అను ఫోల్డరులో వాఙ్మూలము వ్రాసిపెట్టును. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అను పద్దు మాత్రమే యుండి, వాఙ్మూలము లేకున్నచో, చూపు కరెంటువైపునకును, వేడివైపునకును మరలింపవలెను. ఇన్ని సాక్ష్యములు కండ్లయెదుట నుండగా, వానిలో నొక్కదానిని విచారింపక, సాక్ష్యములతో సహా ఇల్లంతయు తగులబెట్టు విద్యకు ఫార్మాట్ అని పేరు.

పాఠకులారా, తెర యే రంగుననైనను ఉండనిండు. ముఖ్యమైన ఫైళ్ళ నన్నిటిని నేడే వేరొక డిస్కులోనికి నకలు తీసికొనుడు. మినీడంప్‌లోని ఫైళ్ళను గూడ దాచుడు. మూత విప్పక, ఎప్పుడు కూలుచున్నదని అడుగక, ఫార్మాట్ మాట యెత్తినవానికి యంత్రము నీయకుడు, రుసుమును నీయకుడు.