మెజారిటీ మీద మమకారం

సగానికి మించి ఓట్లు రాని మనిషి గద్దెనెక్కితే ప్రజాస్వామ్యానికి మైల అంటుతుందట. అందుకని అమెరికాలోని జార్జియా రాష్ట్రం తన రాజ్యాంగంలో ఒక శుద్ధి క్రియ రాసిపెట్టుకుంది. గవర్నరు ఎన్నికలో ఎవరికీ మెజారిటీ రాకపోతే, ముందున్న ఇద్దరిలో ఒకరికి అప్పట్లో శాసనసభే తిలకం దిద్దేది. (అక్కడి గవర్నరు మన రాజ్‌భవన్‌లో దిగే పెద్దమనిషి కాడు. జనం ఓట్లతో గెలిచి పాలించేవాడు. మన లెక్కన ముఖ్యమంత్రి.)

1966 నవంబరులో ఆ క్రియకు ముహూర్తం కుదిరింది. రిపబ్లికన్ బో కాలవేకి 46.5 శాతం, డెమోక్రాట్ లెస్టర్ మాడక్స్‌కి 46.2 శాతం. తేడా మూడు వేల చిల్లర ఓట్లు. ఈ ఇద్దరూ వద్దనుకున్న యాభై వేల మందికి పైగా జనం బ్యాలెట్‌లో లేని ఎల్లిస్ ఆర్నల్ పేరును చేత్తో రాసి వచ్చారు. పాపం, ఆర్నల్‌కి ఈ సభ రుచి పాతదే. 1947లో ఆయన గవర్నరుగా ఉండగానే సభ హెర్మన్ టాల్‌మడ్జ్‌ని ఎన్నుకుంటే, ఆ కొత్తాయన ఏకంగా ఆఫీసు తాళాలే మార్పించాడు. తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. అది వేరే కథ.

ఇంతకీ మాడక్స్ ఎవరు? అట్లాంటాలో వేయించిన కోడికి పేరున్న పిక్‌రిక్ హోటలు యజమాని. 1964లో హోటళ్లలో రంగు చూసి గెంటకూడదనే పౌరహక్కుల చట్టం వచ్చిన మర్నాడే నల్లవాళ్లు భోజనానికొస్తే, ఈయన పిస్తోలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వెనకున్నవాళ్లు పికాసు కామలు పట్టుకున్నారు. ఆ కామలనే తర్వాత జ్ఞాపికలుగా అమ్ముకున్నాడు. నల్లవాళ్లకు వడ్డించడం కన్నా హోటలు వదులుకోవడమే నయమనుకున్నాడు. కాలవే కూడా కడిగిన ముత్యమేమీ కాదు లెండి. కానీ ఓట్లు మాత్రం ఆయనకే ఎక్కువ.

గవర్నర్ని సభ ఎంచుకోవచ్చా అన్న వివాదం వాషింగ్టన్ సుప్రీంకోర్టుకెక్కింది. గవర్నర్ని ఎలా ఎంచుకోవాలో దేశ రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు, సభ ఎంచుకోవచ్చు అని 5–4తో తీర్పొచ్చింది. చమత్కారమేమిటంటే, ఆ సభ సీట్ల పంపకమే జనాభాకు తగ్గట్టు లేదని కోర్టులు అంతకుముందే తేల్చాయి. కొలత తప్పిన కుంచంతోనే కొలవమన్నారన్నమాట.

1967 జనవరి 10న సభ కొలిచింది. డెమోక్రాట్లతో కిక్కిరిసిన సభ కాబట్టి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు: మాడక్స్‌కి 182, కాలవేకి 66. 46.5 శాతం మెజారిటీ కాదని పక్కన పెట్టి, 46.2 శాతానికి పట్టం కట్టారు. మైల వదిలింది!

జనం ఓట్లు తేల్చని చోట మళ్లీ జనాన్నే అడిగితే పోయేదేముంది? ఆ మాత్రం తోచడానికి మాడక్స్ రావలసి వచ్చింది. తొలి ఇద్దరి మధ్య రెండోసారి పోలింగ్ పెట్టేలా 1968లో రాజ్యాంగం సవరించుకున్నారు. అప్పటికి మాడక్స్ ఏలుబడి రెండో ఏట నడుస్తోంది. 1971 జనవరి దాకా ఆయనే గవర్నరు.