260 మీటర్ల రైలు ప్రయాణం

లండన్ ట్యూబ్ రైళ్ల మ్యాపును 1931లో గీసిన హ్యారీ బెక్ వృత్తిరీత్యా కరెంటు సర్క్యూట్ల డ్రాఫ్ట్స్‌మన్. మరి కొత్తవాళ్లకు షాక్ కొట్టకుండా ఉంటుందా! ఎక్కడ దిగాలో చూసుకోండి, ఎంత దూరమో మీకెందుకు అన్నది ఆ మ్యాపు వరస.

లీసెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు వెళ్లాలా? మ్యాపులో దర్జాగా ఒక స్టేషను దూరం. పట్టాల మీద కొలిస్తే దాదాపు 260 మీటర్లు. అయినా టూరిస్టు మహాశయుడు కార్డు ఆనించి, పాతాళానికి దిగి, ప్లాట్‌ఫామ్ వెతుక్కుని మరీ రైలెక్కుతాడు. సీటు కోసం అటూ ఇటూ చూసేలోగా స్టేషను వచ్చేస్తుంది. దిగితే లిఫ్టు ముందు జాతర. 'ఆమాత్రం మెట్లెక్కలేమా' అని పౌరుషానికి పోయాడా, 193 మెట్లు! పదిహేను అంతస్తుల మేడ ఎక్కినంత. ఆ సంగతి హెచ్చరిక బోర్డు మీద రాసే ఉంటుంది లెండి. సెలవులకొచ్చి బోర్డులు చదివేదెవరు?

ఆయన సగం మెట్ల మీద రొప్పుతుండగా, అదే వేళకు నడక మొదలెట్టినవాడు పైన కాఫీ తాగేసి బిల్లు అడుగుతుంటాడు. అయితేనేం, 'ట్యూబ్‌లో తిరిగాం' అని స్టేటస్ పెట్టుకునే భాగ్యం వాడికేదీ?