ప్రొద్దుటూరు కాటాలో పిస్టన్లు

సినిమాల్లో రాయలసీమ బండ్లు గాల్లోకి లేచి పల్టీలు కొడతాయి. మా మామ జీపుకు అంత సీను లేదు. అది వదిలే పొగకు వెనకొచ్చే లారీలు పట్టపగలే లైట్లు వేసుకునేవి. కడపలో మెకానిక్ భాయ్ ఇంజిన్ విప్పి, "రింగులతో పోయేది కాదు సార్. పిస్టన్లు, రాడ్లు అన్నీ మార్చాల" అని తేల్చేశాడు. మామ సొంత కొడుకు ప్రొద్దుటూరులో బంగారం అంగడి పెట్టుకుని చల్లగా కూర్చున్నాడు కాబట్టి గ్రీజు పని అల్లుడి నెత్తిన పడింది.

పాత మహీంద్రా జీపుల్లో రెండు డీజిల్ వంశాలు బాగా కనిపిస్తాయి. ప్యూజో ఇంజిన్‌కు బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 83, మొత్తం 2112 సీసీ. మాది ఎండీఐ: 88.9, 101.6, 2523 సీసీ. ఆ దశాంశాలకు బెదరొద్దు. అంగుళాల్లో చెబితే నికరంగా మూడున్నర, నాలుగు. ట్రాక్టరు రక్తం మరి! ఎండీఐలో డీజిల్ నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది, అందుకే పిస్టన్ నెత్తిన గుంత ఉంటుంది. ప్యూజోలో మంట అంటుకునే గది హెడ్డులోనే ఉంటుంది.

కర్నూలులో ఒక అంగడాయన ముందు ఈ వంశవృక్షమంతా విప్పాను. ఓపిగ్గా విని, 90 పిస్టన్ తీసి నా చేతిలో పెట్టాడు. "రెండూ జీపువే కదన్నా. మిల్లీమీటరు తేడా ఒక తేడానా? రవ్వంత అరగదీస్తే కూర్చుంటాది."

పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య వదిలే సందే మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. దండం పెట్టి వచ్చేశాను.

భాయ్ పద్ధతి వేరు. ఓవర్‌సైజు పిస్టన్లు ముందు చేతికి రావాలి, వాటిని మైక్రోమీటరుతో కొలిచాకే సిలిండర్లు బోరింగుకు పోవాలి. క్రాంకు ఎంత గ్రైండింగ్ అయితే బేరింగులు అంత సైజు. రాడ్డు మీద నంబరు, దాని క్యాపు మీద నంబరు ఒకటే కావాలి. గజన్ పిన్నుకు నూనె రాసి బొటనవేలితో నెడితే బుష్‌లోకి మెత్తగా దిగాలి. రాడ్డు పొడుగైతే పిస్టన్ పోయి వాల్వుకు గుద్దుకుంటుంది. పొట్టిదైతే కంప్రెషన్ చాలక పొద్దున్నే ఊరంతా వచ్చి తోయాలి.

అన్నీ కుదిరాక, "ఇంగ తూకం చూడాల సార్. నాలుగూ సమంగా లేకుంటే బండి వణుకుతాది" అన్నాడు. కూరగాయల కాటా మీద ఆయనకు నమ్మకం లేదు. గ్రాము కూడా తప్పని కాటా మనకెక్కడుందో ఇంకా చెప్పాలా?

బామ్మర్ది గాజు బల్ల మీద పేపరు పరిచి పిస్టన్లూ రాడ్లూ ఒక్కొక్కటే కాటా ఎక్కించాడు. గాజులు బేరమాడుతున్న ఒక అవ్వ తొంగి చూసి, "ఇదేం నగ నాయనా, యాడ పెట్టుకుంటారు?" అంది. ఒక రాడ్డు పదకొండు గ్రాములు ఎక్కువ తూగింది. అలవాటు కొద్దీ బామ్మర్ది, "తరుగు ఎంత వేయమంటావు బావా?" అన్నాడు. నవ్వాను గానీ అక్షరాలా చేయాల్సింది అదే. ఆ బరువు రాడ్డు క్యాపు కింద మందంగా ఉన్నచోట భాయ్ గ్రైండరు పట్టి పదకొండు గ్రాములూ తరగాలి. మజూరీ ఆయనకే.

ఎనిమిది సామాన్లూ గులాబి కాగితంలో చుట్టి, అంగడి పేరున్న సంచిలో పెట్టి పంపాడు. కడప బస్సులో ఆ సంచిని నా ఒళ్లోకి ఎత్తి పెట్టేసరికి పక్కసీటాయనకు ఆయాసం వచ్చింది.

"పెండ్లికా సామీ?"

"కాదన్నా, జీపుకు."

ఆయన సంచిని చూశాడు, నన్ను చూశాడు, కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నాడు.

"ఏ పార్టీ సామీ మీది?"