మార్చి నెల పైక్ వేటగాడు

మార్చి నెల పైక్ వేటగాడు అమెరికాలో మిసిసిపీ నది ఎగువన, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల సరిహద్దు వెంట కనిపిస్తాడు. వయసు యాభై దాటి ఉంటుంది, తొందర మాత్రం పదేళ్ల పిల్లాడిది. నది మీద మంచుగడ్డ పూర్తిగా కరిగేదాకా ఆగలేకపోవడం ఈయన ప్రధాన లక్షణం. మిన్నెసోటా లోపలి సరస్సుల్లో పైక్ చేపను పట్టే సీజన్ మే నెల నడిమికి గానీ మొదలవదు. నదిలోని సరిహద్దు భాగంలో మాత్రం ఏడాది పొడవునా పట్టుకోవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు లేకపోతే ఈయన మార్చిలో ఏం చేసేవాడో ఊహించడం కష్టం, ఇంట్లోవాళ్లకు మరీ కష్టం.

పడవల రాకపోకల కోసం 1930లలో నదికి అడ్డంగా వరసగా ఆనకట్టలు, లాకులు కట్టారు. వాటి వెనక నీళ్లు పల్లానికి పాకి పాయలు, మడుగులు, తుంగ పెరిగిన చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. వబాషా, వైనోనా, లా క్రాస్ ఊళ్ల చుట్టుపక్కల ఇలాంటి మడుగులు లెక్కలేనన్ని. మంచు విడిచి, నీళ్ల వేడి 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుండగానే పైక్ చేపలు గుడ్లు పెట్టడానికి వీటిలోకి ఎగబాకుతాయి. జిగురు గుడ్లు కిందటేటి ఎండుగడ్డికి అంటుకుంటాయి. కాపలా కాయడం, పిల్లల్ని సాకడం పైక్‌కు చేతకాదు. గుడ్లు పెట్టిన తరవాత కూడా కొన్ని వారాలు అక్కడక్కడే తిరుగుతుంది, ఎందుకంటే నదిలో మంచునీళ్లు పారుతున్నప్పుడు లోతులేని మడుగు త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడికి చిన్న చేపలూ అక్కడికే చేరతాయి. కొర్రమీను లాగే ఇదీ నాచులో కదలకుండా పొంచి ఉండి, ఒక్క ఉదుటున మింగే రకం.

ఇదంతా ఈయనకు కంఠతా వచ్చు. నల్ల బురద అడుగున ఉన్న మడుగు ఎండను ఎక్కువ పీల్చుకుంటుందనీ, ఉత్తరపు ఒడ్డుకు దక్షిణపుటెండ నేరుగా తగులుతుందనీ, కాబట్టి మధ్యాహ్నం రెండు గంటల తరవాతే చేప చురుగ్గా ఉంటుందనీ ఎవరడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. చెప్పి, తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరతాడు. మంచి చోటు వేరేవాళ్లు పట్టేస్తారని భయం. ఆ వేళకు ఆ మడుగు దగ్గరికి వచ్చే వేరేవాళ్లు ఎవరూ లేరు, పక్షులు తప్ప.

సామానులో మొదటిది థర్మామీటర్. దానికి పురికొస కట్టి పడవ పక్కనుంచి నీళ్లలోకి దించుతాడు. నిమిషం ఆగి పైకి లాగి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గాజుగొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతాడు. అంకె నచ్చకపోతే పడవ మరో గజం జరిపి మళ్లీ దించుతాడు. నచ్చినా దించుతాడు. వచ్చిన అంకెలన్నీ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తోనే రాస్తాడు, చలికి పెన్ను పనిచేయదని. ఆ పుస్తకంలో నీళ్ల వేడి, గాలి దిక్కు, నది మట్టం వివరంగా ఉంటాయి. చేపల గడి మాత్రం ఇరుగ్గా గీసి ఉంటుంది. అంతకన్నా వెడల్పు అవసరం ఎన్నడూ రాలేదు.

తెల్లవారుజామున గాలపు కర్ర రింగుల్లో నీటిబొట్లు గడ్డకట్టి తీగ ఇరుక్కుంటుంది. దీనికి విరుగుడుగా పెదవులకు రాసుకునే మైనాన్ని రింగులకు రాస్తారు. ఉపాయం నిజంగానే పనిచేస్తుంది. ఈయన పెదవులు పగిలి నెత్తురు చిమ్ముతుంటాయి, రింగులు మాత్రం నున్నగా మెరుస్తుంటాయి. ఎర సంగతికొస్తే, చలికాలంలో చచ్చిన చేపలు మంచు కరిగాక అడుగున దొరుకుతాయి గనక ఆ రోజుల్లో పైక్ చచ్చిన చేపనూ వదలదు. అందుకని ఇంటి ఫ్రీజర్లో పచ్చిబఠాణీల పక్కన స్మెల్ట్ చేపల పొట్లం ఒకటి సంక్రాంతి నాటికే చేరి ఉంటుంది. దాని మీద పెద్దక్షరాలతో ‘ఎర’ అని రాయించింది ఈయన భార్య, ఒకసారి వేయించేశాక. పైక్ పళ్లు మామూలు తీగను కోసేస్తాయి కాబట్టి గాలం పైన జానెడు ఉక్కు తీగ తప్పనిసరి. స్పూన్లనే ఎరుపు, తెలుపు చారల లోహపు ఎరలు డబ్బా నిండా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో చరిత్ర.

ఎర వేశాక జరిగేది నిరీక్షణ. మధ్యలో బెండు రెండుసార్లు కదులుతుంది, రెండుసార్లూ గాలికి.

చేప పడని రోజుకు ఈయన దగ్గర కారణాలు సిద్ధం. తూర్పుగాలి. రాత్రి పడ్డ చలి. వరద నీళ్లు పెరుగుతున్నాయి, లేకపోతే తగ్గుతున్నాయి. గుడ్లు ఇంకా పెట్టలేదు, లేదా ఇప్పుడే పెట్టి అలిసిపోయింది. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అదే చిక్కు. గుడ్లు పెట్టిన ఆడచేప కొన్నాళ్లు తిండి మీద ధ్యాస లేకుండా ఉండే మాట నిజం, చలిగాలికి మడుగు చల్లబడే మాటా నిజం. శాస్త్రం ఇంత బలంగా వెనకుండగా మనిషిని తప్పుపట్టడం కుదరదు.

పడ్డ రోజున పడేది సాధారణంగా మూరెడు మగచేప. అక్కడివాళ్లు అలాంటిదాన్ని సుత్తి కర్ర అంటారు, ఆకారమూ పరిమాణమూ అలాగే ఉంటాయి. దాన్ని కొలత పలక మీద పడుకోబెట్టి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి అర అంగుళం సంపాదిస్తాడు. ఒకసారి కొలిస్తే చాలదు, మళ్లీ కొలుస్తాడు. మిన్నెసోటా రాష్ట్ర రికార్డు 1929లో బాస్‌వుడ్ సరస్సులో పడ్డ 45 పౌండ్ల 12 ఔన్సుల పైక్‌ది. అన్నేళ్లుగా దాన్ని ఎవరూ దాటలేదంటే ఇక వంతు తనదేనని ఈయన లెక్క. పెద్ద ఆడచేప పడితే మాత్రం నిజమైన మర్యాద చూపిస్తాడు. పొడవాటి పటకారుతో గాలం తీసి, తోక దగ్గర పట్టుకుని, అది తేరుకుని కదిలేదాకా నీళ్లలోనే నిలిపి వదిలేస్తాడు. ఈ ఒక్క విషయంలో ఈయన్ని వెక్కిరించడానికి ఏమీ దొరకదు.

చిన్నవి ఇంటికొస్తాయి. పైక్ కండలో రెండు కొమ్ములుగా చీలిన సన్నని ముళ్లుంటాయి. అవి తీయడం వచ్చినవాళ్లు తక్కువ, వచ్చని చెప్పుకునేవాళ్లు ఎక్కువ. అందుకని చాలా ఇళ్లలో ముక్కల్ని ఉప్పునీళ్లలో, తరవాత వెనిగర్లో, చక్కెర, ఉల్లిపాయలతో ఊరబెడతారు. ముళ్లు మెత్తబడిపోతాయి. సీసాలు బంధువులకు కానుకలుగా వెళతాయి. తిరిగి అడిగినవాళ్లు లేరు.

వాలై వేటగాళ్లతో ఈయనకు పడదు. వాలై 1965 నుంచి మిన్నెసోటా రాష్ట్ర చేప, ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ, పరువు ఇంకా ఎక్కువ. మార్చిలో వాళ్ల పడవలు రెడ్ వింగ్ ఎగువ ఆనకట్ట కింద బారులు తీరి ఉంటాయి. పొరపాటున పైక్ పడితే తీగ తెగిందనీ, వల జిగటైందనీ తిట్టుకుంటారు. ఈయన పడవ వాళ్లను దాటుకుంటూ మడుగు వైపు తిరిగినప్పుడు ఇరుపక్షాలూ చెయ్యూపుతాయి. రెండు చేతుల్లోనూ జాలే.

మే నెలకు మడుగుల్లో నాచు కమ్ముకుంటుంది. పెద్ద చేపలు చల్లటి లోతులకు, ఊటనీళ్లు కలిసే చోట్లకు తరలిపోతాయి. సరిగ్గా అప్పుడే సరస్సుల్లో సీజన్ మొదలవుతుంది. 1948 నుంచి ఆ రోజును గవర్నర్ సమక్షంలో పండగలా జరుపుతున్నారు, రాష్ట్రంలో సగం మంది పడవలేసుకుని రోడ్డెక్కుతారు. మార్చి నెల పైక్ వేటగాడు ఆ శనివారం పెరట్లో గడ్డి కోస్తూ, పక్కింటాయన పడవ కట్టుకుంటుంటే, ఈ ఏటికి చేపల కాలం అయిపోయిందని గోడ మీదుగా చెబుతాడు.