నా పట్టీ బిగించే ముందు

మీరట్‌లో ఒక కార్ఖానాలో నన్ను కుట్టారు. పైన తోలు, లోపల మందపాటి ఫోమ్, గడ్డం కింద ఒక పట్టీ. రైలెక్కి విశాఖపట్నం వచ్చి, బీచికి దగ్గర్లో బాక్సింగ్ నేర్పే ఒక పాత షెడ్డులో గోడ మేకుకు చేరాను. ఎనిమిదేళ్లయింది. ఉప్పుగాలికి తోలు బూజు పట్టకుండా రోజూ ఎవరో ఒకరు నన్ను పొడిగుడ్డతో తుడిచి ఆరేస్తారు. ఇన్నేళ్లలో ఎన్ని తలలకు హెడ్‌గార్డ్‌నయ్యానో లెక్కలేదు. మాస్టారు రింగు తాళ్ల బయట నిలబడి చూస్తారు. నేను దెబ్బ పడే చోటే ఉంటాను. అందుకే ఎవరి తప్పు ఎక్కడ మొదలవుతుందో ఆయనకన్నా ముందే నాకు తెలిసిపోతుంది.

ముందుగా తెలిసేది ఊపిరి. కొత్తగా స్పారింగ్‌కి, అంటే తోటివాడితో సాధన పోరుకి, దిగినవాడు గంట మోగగానే ఊపిరి బిగబట్టేస్తాడు. మూడు నిమిషాల రౌండు సగానికి రాకముందే ఆయాసంతో నోరు తెరుస్తాడు. దవడ వేలాడుతున్నప్పుడు చిన్న పంచ్ పడినా తల గిర్రున తిరుగుతుంది. పంచ్ వేసినప్పుడల్లా 'స్స్' అని ఊపిరి వదలమని మాస్టారు గొంతు చించుకుంటారు. బ్యాగ్ కొట్టేటప్పుడు అందరూ వదులుతారు. ఎదురుగా మనిషి నిలబడితే మరిచిపోతారు.

తర్వాత కళ్లు. పంచ్ వస్తోందనగానే కళ్లు మూసుకుని మొహం పక్కకు తిప్పేస్తారు. భయం సహజం, దానికి నేనెవరినీ తప్పు పట్టను. కానీ కనిపించే దెబ్బకు మెడ సిద్ధపడుతుంది, కనిపించని దెబ్బకు సిద్ధపడదు. మనిషిని పడేసేది ఆ రెండోదే. తోటివాడు పావు బలంతో జాబ్‌లు, అంటే ముందుచేత్తో సూటి పంచ్‌లు, వేస్తుంటే కళ్లు తెరుచుకుని చూడటం వారాల తరబడి సాధన చేయాలి. ఆ ఓపిక పట్టినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

చేతుల సంగతి అందరికీ తెలిసిందే. జాబ్ వెళ్లిన దారినే తిరిగి చెంప దగ్గరికి రావాలి. చాలామందికి అది నడుము మీదుగా చుట్టి వస్తుంది. ఈలోపు ఎదుటివాడి కుడిచెయ్యి నా ఎడమ చెంప మీద ఉంటుంది. ఈ అలవాటు బ్యాగ్ దగ్గరే పడుతుంది. బ్యాగ్ తిరిగి కొట్టదు కదా.

ఇంటర్ చదివే ఒకమ్మాయి ఉండేది. చేతులు చక్కగా ఆడేవి, కాళ్లే మాట వినేవి కావు. దెబ్బ వస్తే వెనక్కి పోయేది, అదీ తిన్నగా. రెండు మూడు అడుగులకే వీపుకి తాడు తగిలేది, ఇక దారి ఉండేది కాదు. "తల్లీ, ఒకడుగు వెనక్కి, రెండోది పక్కకి" అంటూ మాస్టారు రింగులో సుద్దముక్కతో గీతలు గీసి, పంచ్‌లు లేకుండా ఉత్త నడకే నేర్పించారు. మూడు నెలల తర్వాత ఆమె తల మీద ఉన్న రోజుల్లో నా మీద పడే దెబ్బలు సగమైనా ఉండేవి కావు.

ఇవన్నీ దిద్దుకోగల తప్పులు. నన్ను కలవరపెట్టేది కోపం. ఒక సాయంత్రం ఓ కుర్రాడు సీనియర్‌కి శుభ్రంగా ఒక జాబ్ తగిలించాడు. చూస్తున్నవాళ్లు "ఏసేసాడ్రా మావా!" అని కేక పెట్టారు. అంతే, ఆ సీనియర్‌కి అది సాధన అన్న సంగతే పోయింది. పూర్తి బలంతో పక్కనుంచి రెండు హుక్‌లు విసిరాడు. కుర్రాడు తూలి, తాడు పట్టుకుని, "ఏం పర్లేదన్నా" అన్నాడు. మర్నాడు నన్ను తొడుక్కుంటూ నుదురు నొక్కుకుని ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ చూడలేదు. నాకు తెలిసింది కానీ చెప్పడానికి నాకు నోరు లేదు. రెండో రౌండులో ఓ మామూలు జాబ్ తగిలితే మోకాళ్లు ముడుచుకుపోయి కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ రింగు ఎక్కడానికి రెండు నెలలు పట్టింది.

పోటీల్లో గ్లవ్స్ 10 ఔన్సులో 12 ఔన్సులో ఉంటాయి. స్పారింగ్‌కి 16 ఔన్సులవి తొడిగేది ఒకరికొకరు దెబ్బ తగలకుండా చూసుకోవాలనే. మెత్తగా ఉన్నాయి కదా అని గట్టిగా కొట్టేవాళ్లు వాటి ఉద్దేశాన్నే తలకిందులు చేస్తున్నారు.

నా విషయంలోనూ అదే పొరపాటు జరుగుతోంది: నేనుంటే తలకేమీ కాదనుకుంటారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో హెడ్‌గార్డ్ వచ్చింది. 2013లో పెద్ద మగవాళ్ల పోటీల్లో తీసేశారు, 2016 రియోలో వాళ్లు ఉత్త తలతోనే ఆడారు. ఆడవాళ్లకు ఉంచారు. 2024 పారిస్‌లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ హెడ్‌గార్డ్‌తోనే దిగింది. తీసేయడం మంచిదా కాదా అన్న వాదన ఇంకా తెగలేదు. నా మటుకు నేను చెప్పగలిగింది ఇది: కనుబొమ్మ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడతాను. పుర్రె లోపల మెదడు అదరకుండా ఆపడం నా వల్ల కాదు. బాక్సర్ల మెదడుకు పదే పదే తగిలే దెబ్బలు ఏం చేస్తాయో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. తలదెబ్బతో నాకౌటైనవాడు కనీసం 30 రోజులు పోటీకే కాదు, స్పారింగ్‌కి కూడా దిగకూడదని అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ నియమాలు చెప్పింది అందుకే. సాధనలో తగిలిన దెబ్బకు రిఫరీ ఉండడు, లెక్క రాసేవాళ్లూ ఉండరు. 'పర్లేదన్నా' అన్న మాటొక్కటే ఉంటుంది.

ఆ కుర్రాడు పడిన తర్వాత మాస్టారు పద్ధతి మార్చారు. వారంలో ఎక్కువ రోజులు తేలిక స్పారింగే. బలం పెంచినవాడు ఆ రోజుకి రింగు దిగిపోవాలి. సీనియర్లయినా సరే.

పిల్లల్ని బాక్సింగ్‌కో కరాటేకో పంపే అమ్మానాన్నలకు నాదొక మనవి. స్పారింగ్ ఉన్న రోజు ఇంటికొచ్చాక తలనొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా, వెలుతురు చూడలేకపోతున్నారా అని అడగండి. ఉందంటే మర్నాడు పంపకండి. డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే నా దగ్గరికి పంపండి.