డైరెక్ట్ చేసిన కాఫీ

అంకిసలో ఎస్ప్రెసో అంటే పెళ్లిపందిట్లో చెవులు పగిలేలా ఆవిరి కొట్టి, మీద చాక్లెట్ పొడి చల్లి ఇచ్చే పాలకాఫీయే. మెత్తటి కాఫీపొడిలోంచి తొమ్మిది బార్ల ఒత్తిడితో వేడినీళ్లు నెట్టే ఇటలీ మిషన్ వేరు. హైదరాబాదులో కొలువు చేసే కొడుకు కొత్తది కొనుక్కొని, "కొంచెం కరెంటు ప్రాబ్లమ్ ఉంది, అక్కడ చేయించుకోండి" అని పాతదాన్ని ఇంటికి పంపితే, అది మన మెకానిక్కు చేతిలో పడుతుంది.

నదికి ఈ ఒడ్డున అంకిస, సిరోంచలది మహారాష్ట్ర, ఆ ఒడ్డున కాళేశ్వరానిది తెలంగాణ. ప్రభుత్వాలు వేరు, కరెంటు కంపెనీలు వేరు. రిపేరు సిద్ధాంతం మాత్రం ఒక్కటే: చెడిపోయినదాన్ని వదిలేసి, చెడిందని చెప్పినదాన్ని పీకెయ్యాలి. డైరెక్ట్ చేయడమంటే ఇదే.

మొదటి బలి మూడో పిన్ను. సాకెట్ పైకన్నం వెనక ఎలాగూ తీగ లేదు కనుక ఎర్త్ పిన్ను కటింగ్ ప్లేయరు పాలవుతుంది. మిషన్ ముట్టుకుంటే జుమ్మంటోందని ఇంటామె అంటే, "చెప్పులేసుకొని ముట్టు అక్కా, ఏం గాదు, కాహీ హోత్ నాహీ" అని రెండు భాషల్లో అభయం.

తర్వాత ఆర్‌సీసీబీ వంతు. 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పితే చాలు, లైను తెంచేస్తుంది. "వట్టిగనే పడిపోతది, దండగ" అని దాన్ని తీసేస్తారు. అది వట్టిగనే పడదు. హీటర్ గొట్టంలో కాయిల్ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. మూలన పడున్న మిషన్‌లో గొట్టం కొస సీలు పాతబడితే, అందులోనూ గోదావరి, ప్రాణహితల పక్కన వానాకాలంలో, ఆ పొడి తేమ పీల్చి కరెంటును బాడీకి వదులుతుంది. మామూలు మల్టీమీటర్‌కు ఇది చిక్కకపోవచ్చు, దాని బ్యాటరీ వోల్టేజి చాలదు. ప్లగ్ పీకి, హీటర్ తీగలు విడదీసి, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడాలి. మెగ్గరెందుకు, జేబులో టెస్టరుండగా! వెలిగిందా, కరెంటుంది. వెలగలేదా, చెయ్యి పెట్టు.

అన్నిటికన్నా ఘోరం థర్మల్ ఫ్యూజు గతి. బాయిలర్‌ను అంటుకొని ఉండే ఈ చిన్న ముక్క ఒక్కసారే చస్తుంది, ఆ చావుకో కారణం ఉంటుంది. థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు, పంపు నీళ్లు లాగక బాయిలర్ ఎండిపోయి ఉండవచ్చు. పోస్టుమార్టం ఎవరికి కావాలి? రెండు తీగలూ మెలిపెట్టి టేపు చుడితే మిషన్ లేచి కూర్చుంటుంది, ఇంటిల్లిపాదీ చప్పట్లు. 1901లో ఇటలీలో లుయీజీ బెజెరా పేటెంటుకు దరఖాస్తు చేసిన మిషన్ మంటతోనే నడిచేది. మనవాడు దాన్ని తిరిగి మంట దాకా తెచ్చాడు.

మెకానిక్కునొక్కణ్నే అనడం అన్యాయంలెండి. "ఇంటికి చుట్టాలొస్తున్నరు, ఎట్లనన్న నడిపియ్" అనేది మనమే. కొత్త ఫ్యూజుకు నాగపూర్ నుంచి పార్సిల్ వచ్చేదాకా ఆగలేనిదీ మనమే.

అమెరికా అల్లుడు తెచ్చిన మిషన్‌ది మరో వైభోగం. వెనక 120 వోల్టులు, 1200 వాట్లు అని రాసుంటుంది. అది చదవకుండా ప్లగ్ మారుస్తారు. ఆ 12 ఓమ్‌ల హీటర్‌కు మన 230 వోల్టులు తగిలిస్తే 19 ఆంపియర్లు, 4400 వాట్లు! వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలన్నది పదో తరగతి లెక్కే. పాపం ఎంసీబీ కాసేపు ఓర్చుకొని పడిపోవచ్చు. దానికీ మందుంది: 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టడం. ఇక కాలేది గోడలోని తీగ. కాలిన గోడను చూసి మెకానిక్కు తల పంకిస్తాడు, ఈ వైరింగే బాగాలేదంటాడు, మీటర్ నుంచి మిషన్‌కు కొత్తగా ఓ లైను లాగుతాడు, డైరెక్టుగా.