గాడీ ఆ రహా హై

జనవరి ఒకటో తారీకు పొద్దున కాఫీకని వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. పాల లెక్కేమోనని కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశాను. నిలువునా నాలుగు భాషల పేర్లు: జర్మన్, జపనీస్, కొరియన్, స్పానిష్. అడ్డంగా ముప్పై ఒక్క గళ్ళు. మా మనవరాలి నిర్వాకం. తెలుగులో శుభలేఖ చదివి పెట్టవే అంటే ముహూర్తం దగ్గర ఆగిపోయి నా మొహం చూసే పిల్ల, ఒక్క ఏడాదిలో నాలుగు దేశాల భాషలు మింగేద్దామని కూచుంది.

“డిసెంబరుకల్లా నాలుగూ వచ్చేస్తాయటే?” అన్నాను.

“అలా పెట్టుకోకూడదు తాతా. భాష రావడం మన చేతిలో లేదు, రోజూ కూచోవడం మన చేతిలో ఉంది. అందుకే నా లక్ష్యం భాష కాదు, అలవాటు. పళ్ళు తోముకోగానే పది నిమిషాలు జర్మన్, కాఫీ తాగుతూ అయిదు జపనీస్ మాటలు, మెట్రోలో కొరియన్, పడుకునే ముందు స్పానిష్. చేస్తే టిక్కు. అంతే.”

చూశారా వరస? ఫలం సంగతి వదిలేసి పని చేసుకుపొమ్మని కృష్ణుడు యుద్ధభూమి మధ్యలో రథం ఆపి చెప్పిన మాట, ఇప్పుడు మా ఫ్రిజ్ మీద దోసె బొమ్మ అయస్కాంతం కింద వేలాడుతోంది.

మా రోజుల్లో నాయనా, భాష నేర్చుకుంటానని ఎవడూ సంకల్పం చెప్పుకోలేదు. భాషే వచ్చి మీద పడేది. 1971లో నన్ను గుంతకల్లు స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా కూచోబెట్టారు. అప్పటికి గుంతకల్లు డివిజను ఇంకా దక్షిణ రైల్వేలోనే ఉంది, దక్షిణ మధ్య రైల్వేకి మారింది 1977లో. అంచేత ఆర్డర్లన్నీ మద్రాసు నుంచే వచ్చేవి, ఆర్డర్ల వెంట మనుషులూ అక్కణ్ణుంచే దిగేవాళ్ళు. ఇటు బళ్ళారి కన్నడం, అటు రాయచూరు మీదుగా బొంబాయి బండిలో దిగే మరాఠీ, హిందీ, ఊళ్ళో ఉర్దూ. నా కిటికీ ఎంతుంటుంది? చెయ్యి పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచే చిల్లర డబ్బులతోపాటు ఇన్ని భాషలూ లోపలికి దూరేవి. ‘ఎరడు’ అన్నవాడికి రెండు, ‘దోన్’ అన్నవాడికి రెండు, ‘దో’ అన్నవాడికి రెండు. తమిళుడు మాత్రం పాపం ‘రెండు’ అనే అనేవాడు. వెనక అరలోంచి అట్ట టిక్కెట్టు లాగి, తేదీ మిషన్లో టక్కున గుద్ది, చిల్లర చేతిలో పెట్టేలోపు ఆ భాషలో అంకెలు తెలియకపోతే సాయంత్రానికి లెక్క తేలదు. తేలకపోతే జేబులోంచి కట్టుకోవాలి. హిందీలో ఉన్యాసీ అంటే డెబ్భై తొమ్మిదనీ, నవాసీ అంటే ఎనభై తొమ్మిదనీ నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, పది రూపాయలు వదిలించుకుని నేర్చుకున్నాను. అప్పట్లో పది రూపాయలంటే... మీకు చెప్పినా తెలీదులెండి.

ఒకనాటి సాయంత్రం మద్రాసు బండి వచ్చి నిలబడి ఉంది. ఒక తమిళాయన చెమటలు కక్కుతూ వచ్చి కిటికీలో మొహం పెట్టాడు. “అరక్కోణం ఒణ్ణు సార్. అవసరం సార్, రొంబ అవసరం!” అన్నాడు. “అందరికీ అవసరమేనయ్యా, అవసరం లేకుండా స్టేషనుకెవరొస్తారు?” అంటూ నేను తాపీగా టిక్కెట్టు లాగాను. ఆయన అవసరం, అవసరం అని ఒకటే గోల. ఇంట్లో ఎవరికి ఎలా ఉందో ఏమోనని జాలేసి, ఇవ్వబోయిన చిరుగు నోటు పక్కన పెట్టి, డ్రాయరంతా వెతికి మంచి నోటు తీసి ఇచ్చాను. ఈలోగా బండి కూత పెట్టి కదిలిపోయింది. ఆయన నాకేసి చూసిన చూపు ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొస్తుంది. రాత్రి క్వార్టర్స్‌లో పక్కింటి మామి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి చెప్పింది, తమిళంలో అవసరం అంటే తొందర అని.

యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మరిచిపోలేదు. అదీ నేర్చుకోవడమంటే. ఏ గడిలో టిక్కు కొడితే వస్తుందది? ఆ లెక్కన నాకు తమిళం పూర్తిగా రావాలంటే ఎంతమందికి రైళ్ళు తప్పిపోయి ఉండాలో అని మా మనవరాలు అడిగింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో లెక్కలు వెయ్యడం ఈ తరానికి బాగా అలవాటైంది.

హిందీ మాత్రం నేను పద్ధతిగా చదువుకున్నాననే చెప్పాలి. దక్షిణ భారత హిందీ ప్రచార సభ అని గాంధీగారు మద్రాసులో 1918లో పెట్టించిన సంస్థ ఉంది కదా, దాని పరీక్షలు. సాయంత్రం ఆరింటికి ప్రచారక్ మాస్టారి అరుగు మీద చాప, లాంతరు, ఫీజు లేదు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ మెట్లెక్కుతూ ప్రవీణ దాకా వెళ్ళాలి. ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పరీక్షలు. నేను ప్రవీణ అయిపోయి పేరు చివర తగిలించుకోవాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. ప్రాథమిక పాసయ్యాను. మధ్యమ పాసయ్యాను. రాష్ట్రభాష దగ్గర రెండుసార్లు పట్టాలు తప్పాను. మూడోసారి ఫారం తెచ్చి పెట్టెలో పెట్టాను, ఇంకా ఆ పెట్టెలోనే ఉంది.

నన్ను దెబ్బతీసింది లింగం. ఒక మిలటరీ జవాను వచ్చి బండి ఎప్పుడొస్తుందని అడిగితే ఛాతీ విరుచుకుని “గాడీ ఆ రహా హై” అన్నాను. “ఆ రహీ హై, బాబూజీ. గాడీ స్త్రీలింగం” అన్నాడు. నేను టిక్కెట్లిచ్చే బండి ఆడదని ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకి తెలిసింది. ఇంజను మాత్రం మగవాడట. పెరుగు మగ, మజ్జిగ ఆడ. ఇదేం సంసారమో! రిటైరయ్యేదాకా నేను “గాడీ... ఆయేగా” అని గొణిగి తలుపు వేసేసుకునేవాణ్ణి. అదీ తప్పేనట.

అయినా మాకు రేడియో ఉండేది. బుధవారం రాత్రి రేడియో సిలోన్లో అమీన్ సయానీ గొంతు వినబడిందంటే క్వార్టర్స్ అంతా చెవులప్పగించేది. మామిగారింట్లో సెట్టు, వాకిట్లో మేము పదిమందిమి. హిందీ పాటల ప్రోగ్రాం అది, పాఠం కాదు. వాన పడ్డా, మేనల్లుడి పెళ్ళి ఉన్నా బుధవారం తప్పలేదు. దాన్ని అలవాటనరు, పిచ్చి అంటారు.

“వారం వారం, ఒకే టైముకి, ఒకే చోట, తప్పకుండా. దాన్నే అలవాటంటారు తాతా,” అంది. ఆ మాటకి నేను పేపరు తిరగేశాను.

అసలు పెద్దల సంగతి చూడండి. మా అనంతపురం జిల్లాలో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులవారికి పద్నాలుగు భాషలు వచ్చునని చెప్పుకునేవారు. పి.వి. నరసింహారావుగారు విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అని హిందీలోకి దించారు, మరాఠీ నవలని తెలుగులోకి తెచ్చారు. వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద గళ్ళ కాగితం ఉండేదా? రాత్రి పదింటికి ఫోన్లోంచి ఆకుపచ్చ గుడ్లగూబ లేచి, ఇవాళ పాఠం చదవలేదని ఏడ్చేదా? మా మనవరాలి ఫోన్లో అదొకటి ఉందిలెండి. వరసగా ఎన్ని రోజులు చదివితే అంత అంకె చూపిస్తుంది, ఒక్క రోజు తప్పితే సున్నా. దానికి భయపడి ఈ పిల్ల అర్ధరాత్రి ముసుగులో ఫోను వెలిగించి స్పానిష్ గొణుగుతుంటే, మా ఆవిడ గాలి సోకిందేమోనని విభూతి పెట్టింది.

ఇంకో సంగతి. కొత్త మాటని ఇవాళ చూడాలిట, రేపు చూడాలిట, మూడు రోజులకి, వారానికి, నెలకి, అలా ఎడం పెంచుకుంటూ చూడాలిట. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మనాయన అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కలేసి 1885లో పుస్తకం రాశాడట. నాకు నవ్వొచ్చింది. మా తాతగారు వేదపాఠశాలలో సంత చెప్పుకున్న మనిషి. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి. ఆ తర్వాత వల్లె, మర్నాడు మళ్ళీ వల్లె. ఆ జర్మనాయన లెక్కలు మా వాళ్ళకి తెలీవు, పేంబెత్తం తెలుసు. మా నాన్నకి అమరకోశం నిద్రలో లేపినా వచ్చేది. నాకు మూడు శ్లోకాలొస్తాయి. రెండున్నర.

సంక్రాంతి నాటికి జర్మన్ ముదిరింది. భోజనాల దగ్గర చెంచా ఎత్తి చూపించి ఇది మగ అంది, ఫోర్కు ఆడ, కత్తి రెండూ కాదు. నా పాత పుండు రేగింది. “మరి అమ్మాయి?” అన్నాను. “డాస్ మేడ్‌షెన్. నపుంసకలింగం.”

దొరికారు దొరలు! “బంగారం లాంటి ఆడపిల్లని కత్తితో కలిపి కట్టేశారా? ఇదేం భాషే? మన తెలుగులో ఎంత మర్యాద!” అని చెయ్యి కడుక్కోబోతుంటే పట్టుకుంది.

“మనం మాత్రం? అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది, కుక్క వచ్చింది.”

నేను ఆగాను. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని విడదీసి పెట్టాడు. బళ్ళో చదివాను కూడా. డెబ్భై ఏళ్ళుగా మాట్లాడుతున్నాను, ఒక్కసారీ తట్టలేదు. “బహువచనంలో కలిపేసుకున్నాం కదే! అమ్మాయిలు వచ్చారు, అంటాం,” అన్నాను.

“అంటే ఒంటరిగా వస్తే బస్సు, గుంపుగా వస్తే మనిషా తాతా?”

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వడం నేను వినలేదు.

స్పానిష్ గళ్ళు మాత్రం పద్నాలుగో తారీకు నుంచి ఖాళీ. నేను చూశాను, చూసి పైకి ఏమీ అనలేదు. నాలుగు పడవల మీద రెండు కాళ్ళు పెట్టకూడదని ముందే చెప్పి ఉండాల్సింది. “నీ కిటికీ దగ్గర అయిదున్నాయిగా” అంటుందని ఊరుకున్నాను.

పోయిన వారం స్నేహితురాలి పెళ్ళికి మూడు రోజులు విజయవాడ వెళ్తూ, నా ఫోన్లో కూడా ఆ గుడ్లగూబని తన పేరు మీద ఎక్కించింది. “పెళ్ళిలో కుదరదు తాతా. రోజూ కొరియన్ ఒక్క పాఠం నొక్కి పెట్టు.”

“పరీక్షకి ఇంకొకణ్ణి పంపడమేనా ఇది? పైగా నువ్వే అన్నావు కదే, లండన్లో ఎవరో పరిశోధిస్తే అలవాటు కుదరడానికి సుమారు 66 రోజులు పట్టిందనీ, మధ్యలో ఒక రోజు తప్పినా పర్వాలేదనీ?”

“ఆ గుడ్లగూబ అది చదవలేదు తాతా.”

సరే, మొదటి రోజు కళ్ళజోడు తుడుచుకుని నొక్కాను. కొరియన్లో నాన్నని అప్పా అంటారట! అచ్చం మామిగారి పిల్లలు పిలిచినట్టే. అమ్మని ఒమ్మా. పైగా క్రియ మనలాగే చివర్న కూచుంటుంది, విభక్తి మాట వెనకాల అతుక్కుంటుంది. లింగాల పేచీ అసలే లేదు. ఇంత పెద్దమనిషి తరహా భాషని వదిలేసి మా సభవాళ్ళు నన్ను రాష్ట్రభాష దగ్గర రెండుసార్లు ఎందుకు ఏడిపించారో! రెండో రోజు ఒక పాఠమన్నది మూడయ్యాయి. ఫ్రిజ్ మీద గడిలో టిక్కు కూడా నేనే కొట్టాను, లేకపోతే తను వచ్చాక నమ్మదు.

మూడో రోజు రాత్రి మందులు వేసుకుంటుండగా దిండు కింద టింగుమంది. ఒక నిమిషం ఆగి మళ్ళీ టింగుమంది. “వస్తున్నానయ్యా, అంత అవసరమేమిటి?” అన్నాను, మామిగారి అర్థంలో. “రైలు కదిలిపోతోందా ఏమన్నా?”